పోస్టుకార్డుకు దిగివచ్చిన బత్తాయి పేపరు

నల్లగొండ జిల్లాలో ఇవాళ బత్తాయి తోటలు పచ్చగా ఉన్నాయంటే దానికి కారణం ఒక పోస్టుకార్డు. దాన్ని రాసింది నేను. ఎక్కడో యూరప్‌లో కూర్చుని సైన్సుకు తాళాలు వేసుకున్న ప్రచురణకర్తల చేత పదిహేను పైసలతో తాళం తీయించిన మొనగాణ్ణి కూడా నేనే.

ఈ మాట చాలా సభల్లో చెప్పాను, చప్పట్లు కూడా పడ్డాయి. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కనుక కొంచెం తగ్గించుకోవాలి. జిల్లా కాదు, నాలుగెకరాలు. ఆ ప్రచురణకర్తలకు నేనెవరో ఇప్పటికీ తెలియదు. సభలంటే రెండు పదవీ విరమణ సన్మానాలు, అందులో ఒకటి నాదే. పోస్టుకార్డు మాత్రం నిజం.

అప్పుడు నేను నల్లగొండ జూనియర్ కాలేజీలో బాటనీ లెక్చరర్ని. ఏటా ఇంటర్ పిల్లల్ని అంటు కట్టడం చూపించడానికి కేతేపల్లి దిక్కు ఒక తోటకు తీసుకుపోయేవాణ్ణి. ఆ తోట ఆసామిని అందరిలాగే నేనూ భాయ్ అనేవాణ్ణి. ఆయన తండ్రి నకిరేకల్ సంతలో పండ్ల వ్యాపారి. పండ్లు అమ్మి అమ్మి, అవి కాసే చెట్టు తనదైతే బాగుండునని నాలుగెకరాలు కొన్నాడట. బత్తాయి పెట్టింది భాయ్. నీళ్ళు పెట్టింది, పాదులు తీసింది, పక్షుల్ని తోలింది ఎక్కువగా భాయ్ భార్య. ఆమెను నేను భాభీ అంటాను. ఆమె నన్ను సారూ అంటుంది కానీ, ఆ పిలుపులో భక్తి కంటే అనుమానం ఎక్కువ.

ఎనభైల చివర్లో ఒక రీసెర్చి అబ్బాయి హైదరాబాదు నుంచి ఆ తోటకు వచ్చాడు. రెండేళ్ళు వచ్చాడు. చెట్ల మొదళ్ళు తవ్వి వేర్లు తీసుకునేవాడు, బెరడు గీకి సీసాల్లో పెట్టుకునేవాడు, మట్టిని పొట్లాలు కట్టుకునేవాడు. మధ్యాహ్నం భాభీ పెట్టిన జొన్నరొట్టె తిని, మంచం మీద కునుకు తీసి, సాయంత్రం బస్సుకు పోయేవాడు. చదువు అయిపోగానే రావడం మానేశాడు. ఆ మరుసటేడు పండక్కి భాయ్‌కి ఒక గ్రీటింగు కార్డు పంపాడు. "మీ తోట మీద నేను రాసిన పేపరు అచ్చయింది" అని ఒక వాక్యం, జర్నల్ పేరు, సంపుటం నంబరు. తన చిరునామా రాయడం మాత్రం మరిచిపోయాడు.

సరిగ్గా ఆ ఏడే చెట్లకు బంక కారడం ఎక్కువైంది. మొదలు దగ్గర బెరడు పగిలి తేనెలాంటి జిగురు బొట్లు బొట్లుగా దిగడం, ఆకు పసుపుపచ్చగా మారడం, కొమ్మ ఎండడం. వ్యవసాయ శాఖాయన చెప్పిన మందు ఆకుల మీద రెండుసార్లు కొట్టారు. ఆకులు కడిగినట్టు మెరిశాయి, బంక ఆగలేదు.

భాయ్ ఆ కార్డు జేబులో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"సారూ, గా పిలగాడు రెండేండ్లు నా తోటల తిరిగిండు. నా యేర్లు వట్కపోయిండు. ఏం కనుక్కున్నడో లోకానికి చెప్పిండంట, నాకు చెప్పలే. జర గా కాయితం ఏందో సూస్తవా?"

"అదెంత పని భాయ్. ఆ జర్నల్ నేను నెలనెలా చదివేదే" అన్నాను.

ఆ జర్నల్ పేరు నేను మొదటిసారి చూసింది ఆ కార్డు మీదే.

ఆదివారం పోతే లైబ్రరీ ఉండదని ఒక సెలవు పెట్టి హైదరాబాదు పోయాను. యూనివర్సిటీ లైబ్రరీలో ఒక పెద్దాయన స్టూలు మీద కూర్చుని పాత జర్నళ్ళకు దారం కుడుతున్నాడు. జర్నల్ పేరు చెప్పగానే తల ఎత్తకుండానే అన్నాడు.

"బందయింది. రెండేండ్ల కింద బంద్ జేసినం. రేటు ఏటేట పెంచుకుంటవోతే ఎక్కడికెల్లి తెస్తం?"

"మరి అందులో ఒక్క పేపరు కావాలంటే?"

"వాళ్ళకే రాసుకో. గీ ఫారం నింపి, వాళ్ళ పైసలల్ల డ్రాఫ్టు తీసి పంపు. ఒక్క పేపరుకు గింత."

ఫారం మీద ఆయన చూపిన అంకెను రూపాయల్లోకి మార్చి చూస్తే నా జీతంలో సగం. సగం అని చాలామందికి చెప్పాను. ఆరో వంతు ఉంటుందేమో. అయినా విదేశీ డ్రాఫ్టు తీయాలంటే మా నల్లగొండ బ్యాంకులో మేనేజరు ముందు నన్ను అనుమానంగా చూడాలి, తర్వాత ఆ కాగితాలు హైదరాబాదు పోవాలి. తన చెట్టు వేరు గురించి తాను తెలుసుకోవాలనుకున్న రైతుకు అది అయ్యే పనేనా?

పెద్దాయనకు నా మొహం చూసి జాలి కలిగినట్టుంది. అన్ని జర్నళ్ళ పేపర్లకూ సారాంశాలు మాత్రం అచ్చువేసే లావుపాటి సంపుటం ఒకటి తెచ్చి నా ముందు పడేశాడు. "గిది సూసుకో. గిది ఫుక్కట్, పైస గూడ వద్దు" అన్నాడు. వెతికితే దొరికింది. ఏడు లైన్లు. చివరి లైను అర్థం ఇది: తెగులు ముదిరిన చెట్లు కోలుకోలేదు, వాటిని తొలగించడం మంచిది. దాని కింద రీసెర్చి అబ్బాయి పాత చిరునామా.

ఏడు లైన్లూ నోటుబుక్కులో ఎక్కించుకుని బస్సెక్కాను. దారి పొడుగునా ఆ ఏడు లైన్లు నా తలలో ఏడు పేజీలయ్యాయి.

మర్నాడు తోటలో మంచం మీద కూర్చుని, పేపరంతా చదివినవాడిలా చెప్పాను. ఆ రోగం నేల నుంచి ఎక్కే బూజు వల్ల వస్తుందని, చెట్టు నుంచి చెట్టుకు నీళ్ళతో పాకుతుందని. అంతవరకు సరే. భాయ్ అసలు ప్రశ్న అడిగాడు.

"బంక గారే చెట్లు సగం తోటున్నయి. కొట్టిచ్చుమంటవా?"

"ముదిరిన చెట్లు కోలుకోవని రాసి ఉంది, కొట్టించాల్సిందే భాయ్. లేకపోతే మిగతా సగం కూడా పోతుంది."

భాయ్ లేచిపోయి ఒక చెట్టు మొదలు దగ్గర నిలబడ్డాడు. ఏడేళ్ళు పెంచిన చెట్లు. కాపు మీద పెట్టుకున్న ఆశంతా వాటిదే. మళ్ళీ అంట్లు పెడితే మళ్ళీ అన్నేళ్ళు కావాలి, అన్నేళ్ళు ఆ ఇల్లు ఏం తినాలో నాకు తెలియదు. నకిరేకల్‌లో కట్టెల అడితి ఆయనకు కబురు పెడతానన్నాడు.

అప్పటిదాకా పాదు దగ్గర పారతో ఉన్న భాభీ అడిగింది.

"సారూ, మొత్తం సదివిండ్రా?"

"నాలుగుసార్లు చదివాను భాభీ."

"మరి ముదిరిన చెట్టంటే ఎంత ముదిరితే ముదిరినట్టు? బొట్టు గారినా ముదిరినట్టేనా? నా చెట్లల్ల ఒకదానికి రవ్వంత ఉన్నది, ఒకదానికి సుట్టూత ఉన్నది. రెండు ఒక్కటేనా?"

ఆ ఏడు లైన్లలో దానికి జవాబు లేదు. దగ్గు వచ్చినట్టు దగ్గాను. "దాని మీద పెద్ద పట్టిక ఉంది, అది ఇంటి దగ్గర ఉండిపోయింది" అన్నాను.

"అయితే ఇంటికాడికెల్లి తెండ్రి. గొడ్డలి ఏడికి వోదు" అంది.

ఆ రోజు బస్సులో నాకు చెమటలు పట్టాయి, ఎండాకాలం కనుక పట్టాయని సర్దిచెప్పుకున్నాను. ఇంటికి రాగానే పోస్టుకార్డు తీశాను. ఆ కాలంలో పేపరు రాసినవాళ్ళకు జర్నల్ వాళ్ళు కొన్ని ప్రతులు విడిగా కుట్టి ఇచ్చేవారు. అడిగినవాళ్ళకు వాళ్ళు పంపేవారు. అడగడానికి పెద్ద యూనివర్సిటీల్లో అచ్చేసిన కార్డులుండేవి, ఖాళీల్లో పేరు నింపితే చాలు. మా కాలేజీలో ఖాళీలే ఉండేవి. అందుకని చేత్తోనే రాశాను. అడుగున సంతకం పెట్టి "ప్రొఫెసర్, శాఖాధిపతి, వృక్షశాస్త్ర విభాగం" అని రాసుకున్నాను. విభాగమంటే రెండు అలమరలు, ఒక మైక్రోస్కోపు. దానికి అధిపతిని నేనే, అందులో పనిచేసేదీ నేనొక్కణ్ణే. అబద్ధం ప్రొఫెసర్ అన్నచోట మాత్రమే.

అయితే ఆ ఇంగ్లీషు వాక్యాలన్నీ అయ్యాక కొద్దిగా జాగా మిగిలింది. అందులో తెలుగులో రాశాను: "ఇది భాయ్ తోట సంగతి. ముదిరిన చెట్టంటే ఏమిటని భాభీ అడుగుతున్నది. కట్టెల ఆయన వస్తున్నాడు."

వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. నేను తోట దిక్కు పోలేదు. కాలేజీ దగ్గర పోస్ట్‌మ్యాన్ కనిపిస్తే నేనే ఎదురుపోయి సైకిల్ ఆపేవాణ్ణి. నెల కాకముందే ఒక లావుపాటి కవరు వచ్చింది. నా కార్డు హైదరాబాదు పోయి, అక్కణ్ణుంచి అబ్బాయి కొత్త ఉద్యోగం చేస్తున్న బెంగుళూరుకు పోయిందట. లోపల పదకొండు పేజీల నున్నటి పేపరు, దానికి గుండుసూదితో గుచ్చిన ఉత్తరం.

"ప్రొఫెసర్ గారికి, నమస్కారం. మా లైబ్రరీకి కూడా ఈ పత్రిక రాదు. నాకు ఇచ్చిన ప్రతుల్లో చివరిది మీకు పంపుతున్నాను. నాకు ఒక జిరాక్సు ఉంచుకున్నాను. భాభీకి చెప్పండి, జవాబు మూడో పట్టికలో ఉంది. దయచేసి చెట్లు కొట్టనీయకండి."

మూడో పట్టికలో ఉంది. మొదలు చుట్టుకొలతలో సగానికి మించి బెరడు చచ్చిపోతే అది ముదిరిన చెట్టు. సగం లోపల ఉంటే చచ్చిన బెరడు గీకేసి, మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద పూసి, నీళ్ళు మొదలుకు తగలకుండా దూరంగా పాదు తీస్తే చాలావరకు కోలుకున్నాయి. ఇంకో పేజీలో ఇంకో సంగతి ఉంది. మా దిక్కు రైతులు చెట్టు గాలికి ఒరగకూడదని ఏటా మొదలు చుట్టూ మన్ను ఎగదోస్తారు. భాయ్ అందరికంటే ఎక్కువ ఎగదోసేవాడు. ఆ మన్ను అంటు కట్టిన చోటును కప్పేస్తుంది. రోగం లోపలికి పోయే దారి అదే.

తోటకు పోయి ఆ పేజీ చదివి వినిపిస్తే భాయ్ వంగి ఒక మొదలు చుట్టూ ఉన్న మన్ను తడిమాడు. "పానం లెక్క సూసుకుందామని ఎగదోసిన గదా" అన్నాడు.

"పానం లెక్కనే సూసుకున్నవు. గొంతు దాక కప్పినవు" అంది భాభీ. పార తీసుకుని అప్పుడే మొదటి చెట్టు దగ్గర మన్ను లాగడం మొదలుపెట్టింది.

చుట్టుకొలత కొలవడానికి నేను టేపు కోసం నల్లగొండ పోతానన్నాను. ఆమె అప్పటికే గోనెసంచి నుంచి సుతిలి దారం పీకింది. మొదలు చుట్టూ తిప్పి, ఆ కొలతను రెండుగా మడిచి, చచ్చిన బెరడు మీద పెట్టింది. దారం బెరడును దాటితే చెట్టు ఉంటుంది, సున్నం బొట్టు. బెరడు దారాన్ని దాటితే పోతుంది, ఎర్ర పేలిక. మూడో పట్టికను ఇంత సులువుగా అర్థం చేసుకున్నవాళ్ళను నేను మళ్ళీ చూడలేదు, నన్ను కలుపుకుని. సాయంత్రానికి తోటంతా తెల్లబొట్లు పెట్టుకుని కనిపించింది. ఎర్ర పేలికలు అక్కడొకటి ఇక్కడొకటి.

ఆ తర్వాత నేను చేసిన పని ఒకటుంది, అది మాత్రం పెంచకుండా చెబుతున్నాను. పేపరు సారమంతా తెలుగులో రెండు పేజీలు రాసి జిరాక్సులు తీయించాను. కేతేపల్లి బస్టాపు హోటల్లో, నకిరేకల్ ఎరువుల దుకాణంలో అంటించాను. మా ప్రిన్సిపాల్ నున్నటి పేపరు అడుగున ఉన్న సన్నక్షరాల మీద వేలు పెట్టి చూపించాడు.

"హక్కులన్ని వాళ్ళయంట. గోడలకు అతికిస్తివి. రేపు కేసయితే నేను రాను సుమా."

"రావద్దు సార్. వాళ్ళు కేసు పెడితే సాక్షులుగా బత్తాయి చెట్లను పిలుస్తా. ఆ రాతలో ఉన్నది వాటి వేర్లే కదా."

కేసు రాలేదు. పక్క జిల్లాలో మక్తల్, ఆత్మకూర్ దాకా నా రెండు పేజీలు పాకాయని చెప్పుకునేవాణ్ణి. మా ఆఫీసు క్లర్కు ఆత్మకూర్‌కు బదిలీ అయినప్పుడు ట్రంకు పెట్టె అడుగున వాటిని పరుచుకుపోయిన మాట నిజం. అక్కడ బత్తాయి తోటలు ఉన్నాయో లేదో నేను కనుక్కోలేదు.

ఇప్పుడు మా మనవరాలు ఫోను మీద వేలు ఆడిస్తే పేపర్లు ఊరికే దిగుతున్నాయి. కొన్నిటికి ఇంకా తాళమే ఉందట. ఎందుకుందని అడిగితే ఆ పిల్ల ఏదో చెప్పింది. నాకైతే అంతటికీ ఒక్క కొలతే తెలుసు. నాకు ఉచితంగా దొరికిన ఏడు లైన్లు చెట్లను కొట్టమన్నాయి. తాళం వెనక ఉన్న పదకొండు పేజీలు ఉంచమన్నాయి. నడుమ ఆ నెల రోజులు భాభీ ఆపింది కనుక, తోటలో బతికే చెట్టు ఒక్కదాని మీద కూడా గొడ్డలి పడలేదు.

ఇక్కడిదాకా రాసి, పోయిన నెల కేతేపల్లి పోయి ఇద్దరికీ చదివి వినిపించాను. భాయ్ కళ్ళు తుడుచుకుని బాగుందన్నాడు. భాభీ చాయ్ గ్లాసు నా ముందు పెట్టింది.

"పడలేదా సారూ? మీరు కొట్టుమన్న నాలుగో రోజే మోటబాయి దిక్కు రెండు సాళ్ళు కొట్టిచ్చినం. అటెన్క నేను అడ్డం వడ్డ. మీరు నెల దాక ఇటు దిక్కు రాకపోతిరి, వచ్చినంక గూడ బాయి దిక్కు పోకపోతిరి, మీకెట్ల ఎర్కైతది? ఆ మొద్దులకు దారం వెట్టి సూసిన. అండ్ల సగం బతికేటియే. రాస్తే గది గూడ రాయిండ్రి."