శ్రీశైలం పోవాల్సిన కారు, టైమింగ్ చైన్ చప్పుడు

శ్రీశైలం ప్రయాణం గురించి రాయాల్సిన చోట నాలుగు కిలోమీటర్ల ప్రయాణం గురించి రాస్తున్నాను. బేగం బజార్ నుంచి అబిడ్స్ మీదుగా నాంపల్లి దాకా, అంతే. దానికి ఒక శనివారం మొత్తం పట్టింది. నాకు బేగం బజార్‌లో మిరపకాయలు, మసాలా దినుసుల హోల్‌సేల్ దుకాణం ఉంది, తొమ్మిదేళ్ళ పెట్రోలు కారు ఒకటి ఉంది. మా చెల్లెలు సునీత ఆ కారు అడిగింది. బావ ఊళ్ళో లేడు కాబట్టి ఆదివారం తెల్లవారుజామున ఇద్దరు పిల్లల్ని, అత్తగారిని ఎక్కించుకుని తనే నడుపుకుంటూ శ్రీశైలం వెళ్దామనుకుంది. ఆలోచించకుండా సరేనన్నాను. సొంత కారులో అడవి దారి పట్టాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను. ఇందులో నా పరువు కొంత పోతుంది, పోనివ్వండి.

శనివారం ఉదయం ఎనిమిదింటికి సునీత వచ్చి తాళం తిప్పింది. రేకు డబ్బాలో గొలుసు వేసి ఆడించినట్టు గరగరమని చప్పుడు, నాలుగైదు సెకన్లు. తర్వాత ఆగిపోయింది.

"అన్నా, గా చప్పుడేంది?"

"చలికి గట్లనే చేస్తది. జరసేపైతే పోతది."

నిజానికి ఆ చప్పుడు మొదలై మూడు నెలలు దాటింది. ఇంజన్‌లో చిక్కటి ఆయిల్ పోస్తే అణిగిపోతుందని తెలిసినాయన ఒకరు చెబితే, ఒక డబ్బా కొనుక్కొచ్చి పోశాను. కొన్ని వారాలు నిజంగానే తగ్గింది. మెకానిక్ ఖర్చు తప్పించానని మీసం దువ్వుకున్నాను కూడా. ఈ సంగతి సునీతకు చెప్పలేదు. ఆమె మాత్రం నా మాటతో ఊరుకోలేదు. "రేపు ఘాట్ రోడ్డు అన్నా. ఒక్కసారి చూపిద్దాం పా" అంది.

ఎనిమిదిన్నరకు బయలుదేరి మొజంజాహీ మార్కెట్ మీదుగా అబిడ్స్ చేరేసరికి తొమ్మిది దాటింది. అక్కడి సిగ్నల్ దగ్గర డాష్‌బోర్డు మీద ఇంజన్ లైటు పసుపుపచ్చగా వెలిగింది. యాక్సిలరేటర్ తొక్కినా బండి బద్ధకంగా కదిలింది. పక్కన ఆపి ఇడ్లీ తిని, చాయ్ తాగాం. ఇద్దరికీ కలిపి నూట నలభై అయింది. ఆ వీధుల్లో తొమ్మిదిన్నర దాటితే కారు నిలిపే చోటు దొరకదు, అటు వెళ్ళేవాళ్ళు ముందే చేరుకోండి. పది కావస్తుండగా నాంపల్లి స్టేషన్ వెనక సందులో సలీం భాయ్ షెడ్డుకు చేరాం. మా వీధిలో సగం బండ్లకు ఆయనే వైద్యుడు.

ఆయన బానెట్ మీద చెయ్యి పెట్టి చూసి, తెరవనే లేదు.

"ఇప్పుడు చూస్తే ఫాయిదా లేదు సేఠ్. వేడి ఇంజన్ మంచిగనే మాట్లాడ్తది. చల్లగైనంక స్టార్ట్ చేస్తే అసలు సంగతి చెప్తది. మూడు గొట్టినంక రాండ్రి."

చేసేదేమీ లేక పబ్లిక్ గార్డెన్స్‌కు నడిచాం. పల్లీలు కొనుక్కుని చెట్టు కింద కూర్చున్నాం. "చిన్నోడు రాత్రే బ్యాగు సర్దుకున్నడన్నా. ఘాట్ల కోతులుంటయంట, వాటికని మూడు బిస్కెట్ పాకెట్లు పెట్టిండు" అని సునీత నవ్వింది. నేనూ నవ్వాను. నాకు భయం వేసింది. అప్పుడైనా చెప్పేయాల్సింది. చెప్పలేదు.

మూడింటికి సలీం భాయ్ బండి స్టార్ట్ చేశాడు. గరగర మొదలైంది. ఆయన వెంటనే ఆపేసి, ఆయిల్ చూసే కడ్డీ బయటికి లాగాడు.

"ఆయిల్ ఎప్పుడు మార్పించిన్రు?"

"రెండేండ్లాయె. బండి తిరిగిందే తక్కువ భాయ్, ఆరు వేల కిలోమీటర్లు గూడ కాలే."

"మీ దుకాణంల మిర్చి బస్తా విప్పకుంటే రెండేండ్లు కొత్తగనే ఉంటదా సేఠ్? అబిడ్స్ ట్రాఫిక్‌ల గంటలకు గంటలు ఇంజన్ తిరుగుతనే ఉంటది. మీటరే తిరగది."

మా బజారులో అందరిదీ ఇదే లెక్క. బండి దుకాణానికీ, అబిడ్స్‌కూ తప్ప ఎటూ పోదు, కాబట్టి దానికి ఏమీ చేయనక్కర్లేదనుకుంటాం. సలీం భాయ్ చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. పిస్టన్లతో పాటు వాల్వులు సరైన సమయానికి తెరుచుకుని మూసుకునేలా తిప్పేది టైమింగ్ చైన్. దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఆయిల్ ఒత్తిడి మీద పనిచేస్తుంది. ఆయిల్ పాతబడినా, తగ్గినా, ఇంజన్‌కు తగనంత చిక్కగా ఉన్నా పొద్దున స్టార్ట్ చేయగానే ఆ ఒత్తిడి అందదు. చైన్ వదులై పక్కలకు కొట్టుకుంటుంది. అదే ఆ చప్పుడు. అట్లాగే నడిపితే అది పళ్ళ చక్రం మీంచి జారుతుంది, లేదా తెగుతుంది. వాల్వులు పిస్టన్లకు తగిలి చాలా ఇంజన్లు అక్కడికక్కడే పాడైపోతాయి. చైన్ బండి ఉన్నంతకాలం ఉంటుందనే మాట, ఆయిల్ సరిగ్గా మార్పించేవాళ్ళకే వర్తిస్తుంది.

ఆయన ఆయిల్‌ను రెండు వేళ్ళ మధ్య రుద్ది చూశాడు. "ఇందుల చిక్కటిది కలిపిన్రు. ఎవరు పోసిన్రు?"

"నేనే" అన్నాను.

సునీత నా వైపు తిరిగింది. "ఎప్పుడు?"

"మూడు నెలలాయె."

"అంటే చప్పుడు సంగతి నీకు ముందే ఎరుక."

"ఔ."

సలీం భాయ్ పై కవర్ విప్పి చైన్‌ను వేలితో నొక్కాడు. బిగువుగా ఉండాల్సిన చైన్ లోపలికి పోయింది. "గీ బండితోని శ్రీశైలం పోవచ్చునా భాయ్?" అని సునీత ఆయన్నే అడిగింది.

"పోవచ్చు. రావచ్చు గూడ. లేకుంటే మన్ననూరు దాటినంక అడవిల తెగచ్చు. నేనైతే నా పిల్లల్ని ఎక్కియ్యనమ్మా."

"బస్సుకు పోతం" అని ఆమె హ్యాండ్‌బ్యాగు తీసుకుని లేచింది. టికెట్ల కోసం బస్టాండుకు ఆటో ఎక్కింది. నేనూ వస్తానంటే వద్దంది. చైన్, టెన్షనర్, అది ఆనుకుని తిరిగే గైడ్లు అన్నీ ఒకేసారి మార్చి, కంపెనీ పుస్తకంలో రాసిన ఆయిల్ పోసి, కూలితో కలిపి పద్దెనిమిది వేలయింది. రెండు రోజులు పట్టింది.

ఇప్పుడు ఆయిల్‌ను కిలోమీటర్లు చూసి కాదు, ఏడాదికొకసారి తప్పకుండా మార్పిస్తున్నాను. నెలకోసారి కడ్డీ తీసి ఎంతుందో చూస్తున్నాను. బండి బాగుంది. సునీత ఇప్పటికీ కారు తీసుకుంటుంది, మాటలూ మామూలుగానే ఉన్నాయి. కానీ ఇదివరకటిలా "బండి మంచిగున్నదా అన్నా" అని నన్ను అడగదు. పొద్దున్నే వచ్చి, నన్ను పక్కకు జరగమని, బానెట్ ఎత్తి, తనే స్టార్ట్ చేసి వింటుంది. నాకు కష్టంగానే ఉంటుంది. ఆమెను తప్పుపట్టలేను.

దూరప్రయాణానికి వారం ముందే, రాత్రంతా నిలిపి ఉంచిన కారును పొద్దున రేడియో ఆపి, అద్దాలు దించి స్టార్ట్ చేయండి. మొదటి ఐదు సెకన్లు చెవి పెట్టి వినండి. గరగర వినిపిస్తే మెకానిక్‌కు తర్వాత చెప్పినా ఫర్వాలేదు, ఆ కారు ఎక్కబోయేవాళ్ళకు ముందు చెప్పండి.