బంగారమ్మగారి తిరుగుళ్ళు

బంగారమ్మగారికి కాలు నిలవదని చుట్టాలందరూ అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే అంటారు. పెళ్ళికి వెళితే తలంబ్రాలు పూర్తవకముందే చెప్పుల కోసం వెతుక్కుంటుంది. పేరంటానికి వెళితే వాయనం చేతిలో పడీ పడకముందే గుమ్మం దిగుతుంది. పెనుగొండ అమ్మవారి గుళ్ళో హారతి కళ్ళకద్దుకుంటూ కూడా ఒక కన్ను వీధివైపు వేసి ఉంచుతుంది. "కాస్త కూర్చోండి వదినగారూ, మీ ఇల్లేం పారిపోదు" అని ఎవరైనా చెయ్యి పట్టుకుని ఆపితే కూర్చుంటుంది గానీ, ఆ కూర్చోవడం బస్టాండులో కూర్చున్నట్టే ఉంటుంది.

అలాంటి మనిషికి అరవై దాటాక పట్నం పిచ్చి పట్టుకుంది. కాశీ, రామేశ్వరం అయితే ఎవరూ నోరెత్తేవారు కాదు. ఈవిడకి కావలసినవి అవి కావు. మనవరాలు భవ్య విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ, సెలవు రోజుల్లో స్నేహితులతో కలిసి ఎక్కడా లేని వేడుకలన్నీ పెడుతూ ఉంటుంది. వాటి కోసం భీమవరం పక్క పల్లె నుంచి నెలకోసారి తెల్లవారకుండానే తయారైపోతుంది బంగారమ్మ. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రాళ్ళ మధ్య మడుగుల్లో మిగిలిపోయిన పీతల్నీ నత్తల్నీ చూస్తూ నడవడం ఒకసారి. అందరూ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని బీచిలో చిందులెయ్యడం ఇంకోసారి. పాట చెవుల్లోనే ఉంటుంది, చూసేవాళ్ళకి చిందులు మాత్రమే కనపడతాయి. కళ్ళకి గంతలు కట్టుకుని భోజనం చెయ్యడం మరోసారి. అక్కడ ఈవిడ ఊరుకోక, గంతలతోనే పక్కవాళ్ళకి కొసరి కొసరి వడ్డించబోయి, ఎవరో పెద్దమనిషి ఒళ్ళో పులుసు పోసింది. ఆయన ఏమీ అనలేదుట. పైగా పులుసు బాగుందన్నాట్ట.

భర్త అచ్యుతరామరాజు రొయ్యల చెరువుల రైతు. ఆయనకి ఈ వ్యవహారం ఏ కోశానా మింగుడు పడలేదు.

"నీళ్ళల్లో పీతల్ని చూడ్డానికి ఐదు గంటలు కారు నడపాలాండి? మన చెరువు గట్టు మీదికొస్తే ఊరికే కనపడతాయి కదండీ!"

"ఆ గట్టు మీదికి మాత్రం ఎప్పుడు తీసుకెళ్ళారండి?"

ఆ రాజుల ఇళ్ళల్లో మొగుడూ పెళ్ళాలు 'అండీ' అనే మాట్లాడుకుంటారు. దెబ్బలాడుకునేటప్పుడు మరీను.

గట్టు మాట ఆవిడ ఊరికే అనలేదు. బంగారమ్మ ఘోషా ఇంటి కోడలు. కాపురానికి వచ్చిన కొత్తలో వాకిట్లో ఆగిన కారు దాకా వెళ్ళాలన్నా, పనివాళ్ళు అటొకరూ ఇటొకరూ దుప్పట్లు ఎత్తి పట్టుకుంటే మధ్యలోంచి నడవాలి. కారు అద్దాలకి ఆకుపచ్చ పరదాలు. పుట్టిల్లు తణుకే అయినా, పెళ్ళయ్యాక తణుకు వీధి ఎలా ఉంటుందో ఆవిడ చూసింది లేదు. పంచదార ఫ్యాక్టరీ వాసన పరదాలు దాటుకుని లోపలికొస్తే ఊరొచ్చిందని తెలుసుకునేది. అత్తగారు పోయాక దుప్పట్లు పోయాయి, పరదాలు పోయాయి, చివరికి ఆ కారూ పోయింది. ఆడవాళ్ళు ఒంటరిగా గడప దాటకూడదన్న పద్ధతి మాత్రం ఎవరూ తీసెయ్యలేదు. ఉంచమని కూడా ఎవరూ అనలేదు. మూలన పడేసిన పాత మంచంలా అది అలా ఉండిపోయింది.

కాబట్టి ఎక్కడికెళ్ళినా రాజుగారే కారు తియ్యాలి. జీతగాడితో పంపడం ఆయనకి ఇష్టం లేదు. పోనీ ఆవిడతో లోపలికొస్తాడా అంటే అదీ లేదు. "అక్కడ నాకేం పనండి" అని కారులోనే కూర్చుని, చెరువు దగ్గరి మనుషులకి ఫోన్లు చేస్తూ, మేత సంగతీ, నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్ల సంగతీ విచారిస్తూ, మధ్యమధ్య లోపలున్న భార్యకి ఫోను కొడతాడు. "ఇంకా ఎంతసేపండి?" అంతే, బంగారమ్మ లేచి వచ్చేస్తుంది. ఆయన ఫోను చెయ్యకపోయినా లేచి వచ్చేస్తుంది. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకున్న రోజున రెండో పాట సగంలో ఉండగానే వాటిని తీసి ఒకమ్మాయి చేతిలో పెట్టి పరిగెత్తింది. భవ్య నెత్తి కొట్టుకుంది.

ఈ నెల బయల్దేరే ముందే రాజుగారు తేల్చి చెప్పేశాడు. నడుం నొప్పి, ఇంత దూరం నడపొద్దని డాక్టరు గట్టిగా అన్నాడు. "ఇదే ఆఖరండి. ఇక నావల్ల కాదు."

బంగారమ్మ "అలాగేనండి" అంది. అందే గానీ, తునిలో ఆగినప్పుడు టిఫిను దగ్గర ఇడ్లీ తుంచి తుంచి వదిలేసింది. ఆవిడకి భయం వేసింది. ఇదొక్కటే తనకంటూ ఉన్నది, ఇది పోతే మళ్ళీ ఆ నాలుగు గోడలూ, ఆ టీవీ, ఎదురింటి వాళ్ళ గేటు చప్పుడూ. ఆయన్ని బతిమాలడానికి మనసొప్పలేదు. ఆయన నడుం నొప్పి అబద్ధం కాదు కదా.

ఈసారి వేడుక పేరు మనుషుల గ్రంథాలయం. ఒక పాత బంగళా తోటలో మామిడి చెట్ల కింద ఎదురెదురుగా రెండేసి కుర్చీలు వేశారు. ఒక కుర్చీలో కూర్చున్న మనిషే పుస్తకం. ఇష్టమైనవాళ్ళు చీటీ తీసుకుని వచ్చి రెండో కుర్చీలో కూర్చుంటే, ఆ మనిషి తన జీవితం చెప్పాలి. గంట మోగితే లేచి ఇంకో పుస్తకం దగ్గరికి పోవచ్చు. ఓడల్లో వంట చేసి దేశాలన్నీ తిరిగిన లాజరు ఒక పుస్తకం. ఆయన దగ్గర జనం వరస కట్టారు. బంగారమ్మ కూడా ఒక పుస్తకమే. "నాదేం కథే తల్లీ, ఇంట్లో కూర్చున్నదాన్ని" అని ఆవిడ ఎంత మొత్తుకున్నా వినకుండా, భవ్య అట్ట మీద 'ఘోషా ఇంటి కోడలు' అని రాసి కుర్చీకి తగిలించేసింది.

మొదట వచ్చింది ఫణిశ్రీ అనే బ్యాంకు ఉద్యోగిని. ఆ పిల్ల కూర్చుని నోరు విప్పేలోపే బంగారమ్మ సున్నుండల డబ్బా తీసింది.

"తినండమ్మా. ఏ ఊరండి మీది? అమలాపురం దగ్గరా! ఎవరి తాలూకండి? నాన్నగారేం చేస్తారు? అలా చిక్కిపోయారేంటమ్మా, హాస్టలు తిండా?"

వచ్చినవాళ్ళ మంచీ చెడూ కనుక్కోకుండా తన గొడవ ఎత్తుకోవడం ఆ ఇంటి మర్యాద కాదు మరి. ఫణిశ్రీ హాస్టలు సంగతి చెప్పింది, మేనేజరు సంగతి చెప్పింది, అక్క పెళ్ళయి వెళ్ళిపోయాక ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేరని చెప్పి కళ్ళు తుడుచుకుంది. గంట మోగింది. తర్వాత వచ్చిన కుర్రాడూ అంతే. ఆ తర్వాత వచ్చిన దంపతులూ అంతే. అందరూ సున్నుండలు తిని, తమ గోడంతా వెళ్ళబోసుకుని, తేలికపడి లేచి వెళ్ళారు.

భవ్య వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. "అమ్మమ్మగారూ, పుస్తకం మీరు. వాళ్ళు మిమ్మల్ని చదవాలి. మీరే అందర్నీ చదివి పంపించేస్తే ఎలాగండీ?"

"అడిగితే చెప్పనా అమ్మా? నన్నెవరూ అడగలేదు" అంది బంగారమ్మ. అప్పటికే ఆవిడ చూపు గేటు మీద ఉంది. కారులో ఎండ పడుతోందేమో, ఆయన మంచినీళ్ళ సీసా అయిపోయిందేమో. కొంగు సర్దుకుని లేవబోతుండగా ఆయనే గేటు తోసుకుని లోపలికొచ్చాడు, చెమటలు కారుతూ.

"ఇంకా ఎంతసేపండి?"

ఆ మాట అన్నది ఆవిడతో, దొరికిపోయింది భవ్యకి. ఆ పిల్ల ఆయన చేతిలో ఒక చీటీ పెట్టి కుర్చీ చూపించింది. "తాతగారూ, ఇప్పుడు ఖాళీగా ఉన్న పుస్తకం ఇదొక్కటే. గంట మోగేదాకా మీరు లేవకూడదండి. ఇక్కడి నియమం."

నలుగురూ చూస్తున్నారు. అచ్యుతరామరాజు కుర్చీ అంచున కూర్చున్నాడు. నలభై ఏళ్ళ పైబడి ఒకే ఇంట్లో ఉన్నా, మధ్యలో కంచమో కాఫీ గ్లాసో లేకుండా ఇలా ఎదురెదురుగా కూర్చున్న గుర్తు ఇద్దరికీ లేదు. బంగారమ్మ డబ్బా మూత తీసింది. డబ్బా ఖాళీ. మర్యాదలు చేసి తప్పించుకునే దారి కూడా లేకుండా పోయింది.

"చెప్పండి" అన్నాడు ఆయన.

"ఏం చెప్పనండి?"

"ఏమోనండి. ఆ పిల్ల వినమంది."

ఆవిడ కాసేపు గాజులు తిప్పుకుంది. "భీమవరం సినిమాలకి వెళ్ళేవాళ్ళం, గుర్తుందాండి?"

"ఎందుకుండదండి. బాక్సు టిక్కెట్లన్నీ మనకే తీసేవాణ్ణి."

"హాల్లో దీపాలు ఆరాక మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళేవారు. మళ్ళీ దీపాలు వెలగకముందే లేపేసి కారెక్కించేసేవారు. జనం కంట పడకూడదని."

"అప్పటి పద్ధతి అదే కదండీ."

"నేను ఒక్క సినిమా కూడా ఆఖరిదాకా చూళ్ళేదండి. ఒక్కటంటే ఒక్కటి. తప్పిపోయిన పిల్ల దొరికిందో లేదో తెలీదు. జైల్లో పడ్డవాడు బయటికొచ్చాడో లేదో తెలీదు. ఇంటికొచ్చాక, ఏమై ఉంటుందా అని నాకు నేనే ఏదో ఒకటి అల్లుకునేదాన్ని."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. "అడిగితే నేను చెప్పేవాణ్ణి కదండీ."

"మీరు మాత్రం చూశారేంటండి? మా ముందు నడిచింది మీరే కదా!"

అచ్యుతరామరాజు ఆలోచించాడు. నిజమే. దారి చెయ్యడానికి అందరికన్నా ముందు లేచేది తనే. ఆయన ముఖం చూస్తే బంగారమ్మకి జాలేసింది, అయినా ఊరుకోలేదు. ఊరుకుంటే ఈ మాట ఇక ఈ జన్మకి అనలేనని ఆవిడకి తెలుసు.

"ఇప్పుడూ అంతేనండి. మీరు బయట కారులో కూర్చుంటే నేను లోపల కూర్చోలేను. పాట సగంలో ఉంటుంది, మీకు ఎండ తగులుతోందేమోనని లేచి వచ్చేస్తాను. అందరూ నాకు కాలు నిలవదంటారు. నా కాలు బాగానే ఉందండి. ఎవరో ఒకరు బయట నాకోసం ఆగి ఉంటారు, అంతే. ఇదే ఆఖరన్నారు, సరే. మీ నడుం నాకు తెలీదా? కానీ ఈ ఒక్కటీ పూర్తయ్యేదాకా ఉంటానండి."

అంత పొడుగు మాట ఆయనతో ఎన్నడూ అనలేదు. ఆయన తల వంచుకుని చేతిలో చీటీ అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. గంట మోగింది. అయినా లేవలేదు. జేబులోంచి ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఆఁ. ఆఁ. అలాగా. సరే, వస్తున్నాను" అని, ఆవిడ వైపు చూడకుండా, "చెరువు దగ్గర నుంచండి. ఏరియేటర్లు ఆగిపోయాయట. నేను బయల్దేరాలి. మీరుండండి. అయ్యాక రైలుంది కదా. కుదరకపోతే ఈ పూటకి భవ్య గదిలో ఉండి రేపు రండి" అన్నాడు.

"ఒక్కదాన్నేనా?"

"రాలేరేంటండి" అని లేచి, పంచె సర్దుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని గేటు వైపు నడిచాడు. కారు వెనక్కి తిరిగిన చప్పుడు వినిపించింది, తర్వాత అదీ వినిపించలేదు. ఆయన ఫోను మోగనే లేదని బంగారమ్మకి తెలుసు. చెరువులకి ఏమీ కాలేదని తెలుసు. ఆవిడకి ఏడుపొచ్చింది, దాంతోపాటే కంగారూ వచ్చింది.

సాయంత్రం దాకా కూర్చుంది. కాళ్ళు ఊరుకోలేదు, కుర్చీ కింద ఆడుతూనే ఉన్నాయి. లాజరు తుఫానులో పప్పు వండిన కథ చెబితే మొదటి నుంచి చివరి దాకా వింది. అందరూ చప్పట్లు కొట్టారు. కుర్చీలు మడతపెట్టారు. అప్పుడు గానీ లేవలేదు. స్టేషను దాకా వస్తానని భవ్య అంటే వద్దంది. ఆటో వరకైనా వస్తానంటే అదీ వద్దంది.

రోడ్డు మీదికొచ్చింది. ఇటు నుంచి బళ్ళు, అటు నుంచి బళ్ళు. చెయ్యి ఊపితే ఒక ఆటో వచ్చి ఆగింది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు అతను.

పుట్టి బుద్ధెరిగాక ఆవిడని ఆ మాట ఎవరూ అడగలేదు. ఆవిడ ఎక్కిన ప్రతి బండికీ ఎక్కడికి వెళ్ళాలో ముందే ఎవరో చెప్పేసి ఉండేవారు. బంగారమ్మ లోపల కూర్చుని, సంచీ ఒళ్ళో పెట్టుకుంది.

"స్టేషనుకేనండి" అంది. "దగ్గర దారిన మాత్రం వద్దండి."