మా సుగుణక్క పాడిన ఒక్క మాట

మా చిన్నప్పుడు... ఇందుకూరుపేటలో టూరింగ్ టాకీసు డేరా లేచిందంటే చాలు, మా ఊళ్ళో ఎవరికీ కాలు నిలిచేది కాదు. నాకైతే మామూలు రోజుల్లోనే నిలవదు. "దీని కాళ్ళకు చక్రాలుండాయి" అనేది మా అమ్మ.

మా నెల్లూరు వైపు అప్పట్లో ఒక పిచ్చి ఉండేది. తెర మీద పేర్లు పడుతుంటే చదువొచ్చిన వాళ్ళు గట్టిగా చదవడం, అందులో నెల్లూరు వాళ్ళెవరో మిగతా వాళ్ళు వెతుక్కోవడం. పాడినాయన మనోడే... తబలా వాయించినాయన మనోడే... ఎవరూ దొరక్కపోతే, "ఆ మీసాలాయన పెళ్ళాం తరపు మనూరేనంట" అని కలిపేసుకునేవాళ్ళు. రైలెక్కితే ఒక పూటలో మద్రాసు. అందుకే సినిమా అంటే మా పెరట్లో కాసిన కాయ అన్నంత ధీమా మాకు.

అలాంటి ఊరి నుంచి మా సుగుణక్క నిజంగానే మద్రాసు వెళ్ళి సినిమాల్లో కోరస్ పాడుతుంటే, మా ఇంట్లో మాత్రం ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్ళం కాదు... నాయన వల్ల.

నాయన నాటకాలకు హార్మోనియం వాయించేవాడు. అక్కకు పద్యాలు నేర్పింది ఆయనే. మద్రాసులో పిన్ని వాళ్ళింట్లో ఉండి కోరస్ పాడతానని అక్క అన్నప్పుడు, "పేరు వెయ్యని పాటేం పాట? పదిమంది గొంతుల్లో నా బిడ్డ గొంతు యాడని ఎతుక్కునేది?" అన్నాడు. అయినా అక్క వెళ్ళింది. ఆయన ఆమెతో మాట మానేశాడు. హార్మోనియం మీద దుప్పటి కప్పేశాడు.

దసరాకు అక్క వచ్చినప్పుడు కూడా ఆయన పంచలోనే ఉండిపోయాడు. అక్క వంటింట్లో అమ్మకు చెబుతోంది... "ఈసారి నాకు ఇడిగా ఒక మాట ఇచ్చినారమ్మా."

పాటలో ఊరి పిల్లలంతా చేరి హీరోయిన్‌ని ఆటపట్టిస్తారట. ఒక్కో పిల్ల ఒక్కో ప్రశ్న అడగాలి. అక్క వంతు "ఎక్కడున్నాడే?". తీరా రికార్డింగులో బెదురుకి "యాడుండాడే?" అని వచ్చేసిందట. పక్కనున్న పిల్లలంతా నవ్వు. అక్కకు ఏడుపొక్కటే తక్కువ. అద్దం అవతల కూర్చున్న సంగీతం పెద్దాయన, ఎప్పుడూ పుస్తకంలో మాదిరి మాట్లాడే మనిషి, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగాడట. నెల్లూరు దగ్గర అని చెప్పింది. ఆయన రికార్డింగు చేసే అతని వైపు తిరిగి, "అట్టనే ఉండనీబ్బా... బాగుండాది" అన్నాడట. ఆయనా మనూరాయనేనని అక్కకు అప్పుడే తెలిసింది.

అమ్మ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. పంచలో నాయన వక్క నమిలే చప్పుడు ఆగింది. లోపలికొస్తాడేమోనని నేను గడప దగ్గరే తచ్చాడాను. రాలేదు.

పండగయ్యాక అక్క మద్రాసు వెళ్ళిపోయింది. ఆ సినిమా మా డేరాకు వచ్చేదాకా నాకు తిండి సయించలేదు. పోస్టరు బండి తప్పెట వినబడితే చాలు, చేతిలో పని పారేసి ఉరికేదాన్ని. వేరే సినిమా అయితే ఆ బండివాడి మీద కోపం. చివరికి మా సినిమా వచ్చింది. ఈలోగా అక్క మాటేంటో, అది ఎన్నో ప్రశ్నో ఊరంతా తెలిసిపోయింది. అమ్మ మాత్రం పక్కింటావిడ ఒక్కదానికే చెప్పిందట.

డేరాలో ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ మధ్య తడిక. రానన్న నాయన వచ్చాడు... తడిక సందులోంచి చూశాను. కండువా మడిచి ఇసకలో వేసుకుని కూర్చున్నాడు. నేను కూర్చుంటా, లేస్తా, మళ్ళీ కూర్చుంటా. వెనకావిడ నెత్తిన మొట్టింది.

పాట వచ్చింది. మొదటి పిల్ల అడిగింది... రెండో పిల్ల అడిగింది... అక్క వంతు రాగానే, డేరా మొత్తం ఒక్క గొంతుతో "యాడుండాడే" అని అరిచింది! ఈలలు, తప్పట్లు, ఇసక ఎగజిమ్మడాలు. తెర మీద ఎవరో పిల్ల నోరు కదిలింది, అంతే. ఊరంతా మా అక్క మాట అన్నారు... మా అక్క గొంతు మాత్రం నాకు వినబడలేదు. ఉక్రోషంతో ఏడ్చేశాను.

ఇంటికి నడిచి వస్తుంటే ముందు పోతున్న నాయన ఆగాడు.

"నీకినపడిందా మే?"

"ఇనపళ్ళా నాయనా."

"నాకూ ఇనపళ్ళా." కాసేపు నడిచి, "రేపు పెందలాడే లెయ్యి. మద్రాసు పోతుండాం. దాంతోనే పాడిచ్చుకుని ఇందాం" అన్నాడు.

పిన్ని వాళ్ళ వాటా ముందు చెప్పులు విడిచి నిలబడ్డాడు నాయన. అన్నాళ్ళు మాట్లాడని మనిషి... రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. తర్వాత నెమ్మదిగా పిలిచాడు...

"సుగుణా... యాడుండావమ్మా?"

పెరట్లో కొళాయి దగ్గర బిందె దబ్బున పడింది. అక్క తడిచేతులతోనే పరిగెత్తుకొచ్చింది.

ఆ మధ్యాహ్నం ఆ ఒక్క మాటా మళ్ళీ మళ్ళీ పాడించుకున్నాడు. "ఆ 'యా'ని సాగదీసి తాళంలో కూర్చోబెట్టినావు చూడు... అది నేను నేర్పిందే" అని పిన్నితో ఎచ్చులు పోయాడు. ఇంటికి రాగానే హార్మోనియం మీద దుప్పటి తీశాడు.

ఇప్పుడు నాయనా లేడు, అక్కా లేదు. ఆ పాట నా మనవరాలి ఫోన్లో ఉంది. చెవిలో పెట్టుకుంటే అక్క మాట ఎంత స్పష్టంగా వినబడుతుందో... గోల లేదు, ఈల లేదు. అయినా కుదురుగా వినలేను. ఆ మాట దగ్గర పడేసరికి లేచి నిలబడి, ఎవరైనా అరుస్తారేమోనని చుట్టూ చూస్తాను.

ఎవరూ అరవరు.

మీ ఊరి మాటో, మీ ఇంటి గొంతో ఇలా తెర మీంచి వినబడిన రోజు మీకూ ఉంటే చెప్పండి... కాస్త గోలగానే చెప్పండి.