ఎస్తేరు ఎక్స్‌రేలో నీడ

మన ఊపిరికి కర్త అయిన దేవునికి స్తోత్రం. మట్టిలోకి జీవాన్ని ఊదినవాడు ఆయనే. ఆ ఊపిరి ఆడే గూటిని మనం నిద్రపోయినప్పుడు కూడా కాసేవాడు ఆయనే. ఆయనకు కృతజ్ఞత చెప్పకుండా ఈ సంగతి మొదలుపెట్టడం నా వల్ల కాదు, ఎందుకంటే ఇది ఊపిరితిత్తుల సంగతి. పేర్లు మార్చాను. ఇందులోని ఎస్తేరు రాయమంటేనే రాస్తున్నాను.

2023 వానాకాలం. అరకు లోయలో ఒక చిన్న ఆసుపత్రిలో నేను స్టాఫ్ నర్సుని. నా పని ఎక్కువగా టీబీ రోగులతోనే. దగ్గుతో వచ్చినవాళ్ళ చేత కఫం తీయిస్తాను, ఎక్స్‌రేకి పంపిస్తాను, రోగం తేలితే నా కళ్ళ ముందే మాత్రలు మింగిస్తాను. ఇలా ఎదురుగా ఉండి మింగించడాన్ని డాట్స్ అంటారు. ఆ రోజు మబ్బు కిందికి దిగి మధ్యాహ్నానికే గదుల్లో లైట్లు వేసుకోవలసి వచ్చింది. ఓపీ ఖాళీ అయ్యాక మా చర్చి సంఘంలోని ఎస్తేరు తన అత్త మార్తమ్మను వెంటబెట్టుకుని వచ్చింది.

ఎస్తేరు పుట్టిల్లు హుకుంపేట పైన ఒక కొండ ఊరు. ఆమె భర్త దానియేలు కూడా నాలాగే నర్సు. పెళ్ళైన కొద్ది నెలలకే ఇంగ్లాండులో ఆసుపత్రి ఉద్యోగం వచ్చి వెళ్ళాడు. అతని దగ్గరికి వెళ్ళాలంటే ఆమెకు డిపెండెంట్ వీసా కావాలి, అంటే అక్కడ పనిచేసేవాడి భార్యకు ఇచ్చే వీసా. దానికి టీబీ లేదని సర్టిఫికెట్ పెట్టాలి. అది మా ఆసుపత్రి ఇచ్చేది కాదు. పట్నంలో ఆ దేశం ఒప్పుకున్న క్లినిక్ ఒకటి ఉంటుంది, ఎక్స్‌రే అక్కడే తీయించుకోవాలి.

"ముందు నువ్వోపాలి తీసి సూడమ్మా," అంది మార్తమ్మ. "ఏటుంటాది గానీ, దేవుడు తుడిసేసినాడు కదా. వీసా ఏజెంటే ఓపాలి సూసుకోమన్నాడు."

ఆమె దేన్ని గురించి అంటోందో మా సంఘంలో అందరికీ తెలుసు. ఇంటర్ చదివే రోజుల్లో ఎస్తేరుకు టీబీ వచ్చింది. ఎముకల గూడైపోయింది. వాళ్ళ ఊరి సంఘం ఉపవాస ప్రార్థన చేసింది. జ్వరం దిగింది, అన్నం తిన్నది, లేచి నడిచింది. దేవుడు తనకు చేసిన ఆ మేలును సాక్ష్యంగా చెప్పమని ఆమెను ఎక్కడెక్కడి ప్రార్థన కూటాలకో పిలిచేవారు. దానియేలు ఆమెను మొదటిసారి చూసింది అలాంటి ఒక కూటంలోనే, సంబంధం మాట్లాడమని పాస్టరుగారిని అడిగిందీ ఆ తర్వాతే. ఆమె చెబుతుంటే నేనూ ఏడ్చాను. ఆ రోజు దేవుడు ఆమెను ముట్టాడని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను.

డాక్టరుగారి చేత రాయించి ఎక్స్‌రే గదిలోకి తీసుకెళ్ళాను. మార్తమ్మ బయటే ఉంది. తలుపు వేశాక ఎస్తేరు చిన్న గొంతుతో అడిగింది.

"సిస్టరమ్మా, మాత్రలు మజ్జిలో ఆపీసినోల్లకి మల్లీ వత్తాదేటి?"

ఏం జరిగిందో చెప్పమన్నాను. ఆరు నెలలు వాడమని ఇచ్చిన మందును ఆమె రెండు నెలలే మింగిందట. ప్రార్థన తర్వాత మిగిలిన మాత్రలు వాళ్ళ నాన్న పొయ్యిలో వేసేశాడట. బాగుపడ్డాక కూడా మింగితే దేవుణ్ణి అనుమానించినట్టేనని ఆయన అన్నాడట. సాక్ష్యంలో మాత్రల మాటే రాదు కాబట్టి ఎవరూ అడగలేదు.

టీబీ మనిషిని మోసం చేసేది ఇక్కడే. మందు మొదలెట్టిన నెలా రెండు నెలలకే జ్వరం పోతుంది, ఆకలి పుడుతుంది, ఒళ్ళు తేలికవుతుంది. క్రిమి మాత్రం చావదు, నక్కి కూర్చుంటుంది. రోగం ముదిరి వచ్చినవాళ్ళను చూసి మేం భయపడం. బాగున్నామని చెప్పి రెండో నెలలో రావడం మానేసినవాళ్ళకే భయపడతాం.

ఫిల్మును లైటు పెట్టె మీద పెట్టాను. కుడివైపు పైన, మెడ కింది అడ్డ ఎముకకు దిగువన, కొండకు పట్టుకున్న మబ్బు ముక్కలాగా తెల్లటి నీడ. అది పాత మచ్చ కావచ్చు, బతికున్న రోగమూ కావచ్చు, ఒక్క ఫిల్ముతో చెప్పలేమన్నారు డాక్టరుగారు. కఫాన్ని ల్యాబులో పెట్టి క్రిమి పెరుగుతుందో లేదో చూడాలి. దాన్ని కల్చర్ అంటారు. అది వారాల తరబడి సాగే పని.

నాకు ముందు గుర్తొచ్చింది వీసా కాదు. మా మందిరం గుర్తొచ్చింది. చలికి కిటికీలన్నీ మూసి పాడుకునే రేకుల గది, ముందు వరుసలో ఎస్తేరు గొంతు, ఆమె కాళ్ళ దగ్గర చాప మీద చిన్నపిల్లలు. సాయంత్రాలు కాస్త దగ్గుతున్నానని, చలికేనని ఆమె అన్నది కూడా గుర్తొచ్చింది.

బయటికొచ్చేసరికి మార్తమ్మ ఏజెంటుతో ఫోనులో మాట్లాడేసింది. ఇంతకుముందు టీబీ వచ్చిందా అని క్లినిక్‌లో అడుగుతారు, లేదని చెప్పేయండి, మచ్చ ఉంటే పాత జలుబుది అనండి, అన్నాడట అతను. అబద్ధం బయటపడితే ఈసారి వీసానే కాదు, ఏళ్ళ తరబడి ఆ దేశం గడప తొక్కనివ్వరని చెప్పాను.

"అబద్దం ఏటమ్మా? దేవుడు తీసీసినదాన్ని ఉన్నాదని సెప్తే అది అబద్దం," అంది మార్తమ్మ. ఆమె తప్పించుకోవడానికి అనలేదు, మనసారా నమ్మి అంది.

ఎస్తేరు వెనక మెట్ల మీద కూర్చుని ఉంది. వాన తుంపర మీద పడుతున్నా జరగలేదు. పక్కన కూర్చున్నాను. వీసా రాదని భయపడుతున్నావా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది.

"నాకు రోగం ఉన్నాదని తేలితే దేవుడు అబద్దమాడినట్టవదా సిస్టరమ్మా? ఎంతమంది నా మాట విని నమ్మినారు. ఆల్లందరికీ నాను ఏటి సెప్పాల?"

ఏ మందుల పుస్తకంలోనూ దీనికి జవాబు ఉండదు. నాకు బైబిలు వాక్యంలోని కుష్ఠరోగులు గుర్తొచ్చారు. వాళ్ళను బాగుచేసిన ప్రభువే, వెళ్ళి యాజకులకు చూపించుకోండి అన్నాడు. ఆ రోజుల్లో ఒంటి మీద మచ్చను చూసి, కొన్నాళ్ళు విడిగా ఉంచి, మళ్ళీ చూసి, శుద్ధుడో కాదో చెప్పే పని యాజకులదే.

"స్వస్థపరిచినవాడే పరీక్షకు పంపించాడమ్మా," అన్నాను. "ఆయనకు పరీక్షంటే భయం లేదు. భయమంతా మనకే."

ఆమె నమ్మిందో లేదో తెలియదు. ఫోను తీసి దానియేలుకు వీడియో కాల్ చేసింది. అతను డ్యూటీ బట్టల్లోనే ఉన్నాడు. మాత్రలు పొయ్యిలో వేసిన సంగతి అతనికి చెప్పడం అదే మొదటిసారి. ఎన్ని నెలలు మింగావని అతను ఒక్కటే అడిగాడు, రెండని ఆమె చెప్పింది.

"ఉన్నది ఉన్నట్టే సెప్పు," అన్నాడు. "కఫం కూడా ఇయ్యి."

వెనకనుంచి మార్తమ్మ వంగి ఫోనులోకి చూసింది. "ఒరే, మరి సాచ్చెం ఏటవుద్దిరా?"

"సాచ్చేనికి వీసా ఎవుడూ అడగలేదమ్మా. దీనికి కావాల."

నాకు నవ్వొచ్చింది. ఎస్తేరు మొహం చూసి ఆపుకున్నాను.

క్లినిక్‌లో ఎస్తేరు అంతా చెప్పింది. అక్కడి ఎక్స్‌రేలోనూ అదే నీడ. వరుసగా కొన్ని పొద్దులు పరగడుపున కఫం ఇమ్మన్నారు. అది ఉమ్మి కాకూడదు, లోతునుంచి దగ్గి తీయాలి. ఎలా తీయాలో ముందే మా పెరట్లో, గాలి ఆడే చోట నిలబెట్టి నేర్పాను. తర్వాత కల్చర్ కోసం ఎదురుచూడటం మొదలైంది.

ఆ వారాలు నాకింకా మరపు రాలేదు. నేను చెప్పినట్టు ఎస్తేరు మాస్కు పెట్టుకుని మందిరం వసారాలో, తలుపు బయట కూర్చునేది. గొంతు బాగోలేదని మార్తమ్మ అందరికీ చెప్పేది. ఆ నెల కూటాల్లో సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు అడిగితే ఎస్తేరు రానంది. మొగుడు దేశం దాటాడు కదా, దొరసాని అయిపోనాదని ఆడవాళ్ళు అనుకోవడం నా చెవిన పడింది. నోరు తెరవలేను, రోగి సంగతి బయటపెట్టే హక్కు నాకు లేదు. మరో భయం కూడా నన్ను తినేసేది. మందు మధ్యలో ఆపినవాళ్ళలో క్రిమి ఒక్కోసారి మొండికేస్తుంది, మామూలు మాత్రలకు లొంగదు. అప్పుడు వైద్యం చాలా కష్టం. మోకాళ్ళ మీద కూర్చుంటే ఏమని అడగాలో తెలిసేది కాదు. క్రిమి లేకుండా చెయ్యమనాలా? ఉంటే అది ఈపాటికే ల్యాబులో పెరుగుతూ ఉంటుంది. తెలిసేదాన్ని మోసే బలం ఇవ్వు ప్రభువా అని మాత్రం అడిగాను.

క్రిమి పెరిగింది.

సర్టిఫికెట్ ఇవ్వలేమని, వైద్యం పూర్తిచేసుకుని రమ్మని క్లినిక్ వాళ్ళు చెప్పారు. ఆ క్రిమి మామూలు మందులకు లొంగేదేనని కూడా తేలింది. ఆ మాట విని నేను మందుల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. ఎస్తేరు ఏడవలేదు. "రేపట్నించి ఎన్ని గంటలకి రమ్మంటావు?" అని అడిగింది.

రోజూ పొద్దున్నే మా మందుల కిటికీ దగ్గరికి వచ్చి నా ముందు మింగేది. మొదటి వారంలోనే మార్తమ్మ ఆయాసపడుతూ పరుగెత్తుకొచ్చింది, కోడలికి ఒంటేలు ఎర్రగా పడుతోందని, రక్తమేనని. ఆ మాత్రల్లో ఒకదానికి ఆ రంగు మామూలేనని, అది మందు ఒంట్లోకి చేరిన గుర్తని చెప్పాక కూర్చుని మంచినీళ్ళు తాగింది. ఇంట్లోవాళ్ళకూ పరీక్ష చెయ్యాలి అంటే, "నాకేటి రోగం, రాయినాగున్నాను," అని మొదట ఒప్పుకోలేదు. తర్వాత తనే వచ్చి కఫం పట్టే డబ్బీ అడిగింది. ఆమెకు ఏమీ లేదని తేలింది. అప్పటినుంచి కోడలి వెంట తనూ వచ్చి, మింగిందో లేదో నోట్లోకి తొంగి చూసేది. నా పని సగం ఆమే చేసింది.

మళ్ళీ వానలు మొదలయ్యేసరికి వైద్యం ముగిసింది. ఆ ఆదివారం సాక్ష్యాలు ఉన్నాయా అని పాస్టరుగారు అడిగినప్పుడు ఎస్తేరు లేచింది.

"నాను ఇన్నాల్లూ మీకు సగమే సెప్పినాను," అంది. "దేవుడు నాకు జొరం తీసినాడు, అది నిజం. ఆయనే ఇప్పించిన మాత్రలు మేం పొయ్యిలో ఏసీసినాం, అది సెప్పలేదు. రోగం మల్లీ వచ్చినాది. ఈపాలి కడదాకా మింగినాను. అప్పుడు తీసింది ఆయనే, ఇప్పుడు మింగించిందీ ఆయనే."

ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టరుగారు నేల చూస్తున్నారు. ఈ పిల్లను ఇక్కడే ఒంటరిని చేసేస్తారేమోనని భయపడ్డాను. అప్పుడు ఆడవాళ్ళ వైపునుంచి మార్తమ్మ బొంగురు గొంతు, "స్తోత్రం," అంది. ఆ తర్వాత ఇంకొకరు. మరి కాసేపటికి ఇంకొకరు. ఆ పూట ఎవరూ పాట ఎత్తుకోలేదు.

సోమవారం నేను మందుల కిటికీ తెరిచేసరికి మా సంఘంలోని ఒకావిడ బయట నిలబడి ఉంది. అటూ ఇటూ చూసి, కొంగులోంచి సగం వాడిన మాత్రల అట్ట తీసి నా ముందు పెట్టింది. ఆమెకు రోగం ఉన్నట్టే నాకు తెలియదు. వేరే ఊళ్ళో మందు తెచ్చుకుని, ఒళ్ళు తేలికపడగానే ఆపేసిందట.

ఈ కేసు నాకు నేర్పింది ఇదే. ఇప్పుడు ఎవరైనా దేవుడు నన్ను బాగుచేశాడని చెబితే నేను సంతోషంగా స్తోత్రం చెబుతాను, ఆ వెంటనే మాత్రలు పూర్తిగా వాడావా అని అడుగుతాను. ఈ రెండో మాట అడిగినందువల్ల మొదటిదాని మీద నా విశ్వాసం తగ్గలేదు.

ఇది రాస్తున్న నాటికి ఎస్తేరు మళ్ళీ పట్నం వెళ్ళి కఫం ఇచ్చి వచ్చింది. కల్చర్ ఇంకా ల్యాబులోనే ఉంది. మార్తమ్మకు ఫోను మోగితే చాలు, చేతిలోది కింద పడిపోతోంది. నాకూ భయంగానే ఉంది. చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతోపాటు తల వంచండి. ఆ గాజు సీసాలో ఏదీ పెరగకూడదని, ఆమె తన భర్తను చేరుకోవాలని, ఎక్కడో కొంగులో సగం అట్ట దాచుకున్న ప్రతి ఒక్కరికీ కిటికీ దాకా నడిచి వచ్చే ధైర్యం రావాలని నాతో కలిసి అడగండి. ఆమెన్.