“పైలం” అని కేకేసే మామయ్య

చెరకు రైలు డ్రైవరు మామయ్య పోయారని మొన్న రుద్రూర్ నుంచి ఫోనొచ్చింది. అమ్మ ఆయన్ని ‘అన్నా’ అనేది కాబట్టి మాకు మామయ్య. అంతకుమించి చుట్టరికం లేదు.

ఆ రైలు గురించి ఇప్పుడు చెబితే పిల్లలు నమ్మరు. మామూలు రైలు పట్టాల్లో సగం ఎడం కూడా ఉండదు. ఏ పెద్ద లైనుతోనూ కలవదు, చెరకు మధ్య దీవిలా దాని లోకం దానిది. కోతలప్పుడు పట్టాల్ని ముక్కలుగా మోసుకొచ్చి పొలంలోనే బిగించేవారు. డబ్బాలు నిండగానే ఊడదీసి పక్క పొలానికి. బుల్లి ఇంజను, దానికెంత పొగరో! పొగగొట్టానికి జల్లెడ కట్టినా నిప్పురవ్వలు ఎగిరేవి. అందుకే ఎండుటాకు ఉన్న పొలాల పక్కన మామయ్య ఆవిరి తగ్గించేసేవారు. ఎత్తు ఎక్కలేక బండి ఆగిపోయేది, చక్కెర ఫ్యాక్టరీ పైవాళ్లు తిట్టేవారు. “బండి ఆగితె మల్ల నడుస్తది సార్, గీ పంట కాల్తె యాడికెళ్లి తేవాలె?” అనేవారు.

మేం కోస్తా నుంచి కొత్తగా వచ్చాం. అక్కడి పొలం అమ్మేసి, బోధన్ దగ్గర కాలువ కింద వేసిన మొదటి చెరకు అది. పోతే వెనక్కి వెళ్లడానికి ఇల్లు కూడా లేదు. ఆయన మా పొలం దాటేటప్పుడల్లా “పైలం, చెల్లె!” అని అరిచేవారు. అమ్మ అదేదో ఇక్కడి పలకరింపు అనుకుంది. తనూ చెయ్యెత్తి “పైలం అన్నా!” అనేది, నవ్వుతూ.

ఒక మధ్యాహ్నం ఆయన “పైలం! పైలం!” అని గొంతు చించుకున్నారు. అమ్మ మరీ ముచ్చటపడి రెండు చేతులూ ఊపింది. ఆమె వెనకాల చెరకు ఆకు అంటుకుంది! మామయ్య బండి ఆపి, దూకి, నీళ్ల బకెట్టుతో పరుగెత్తుకొచ్చారు. నాన్నా కూలీలూ వచ్చేసరికి ఆయన తడిగోనెతో మంటను బాదుతున్నారు. ఒక మూల కాలింది, మిగతాదంతా నిలిచింది.

“ఏందమ్మా, నేను మొత్తుకుంటుంటె నవ్వవడితివి? పైలమంటె జాగర్త!”

అమ్మ అక్కడే కూలబడి ఏడ్చేసింది. ఆయన కంగారుపడి, “ఏడ్వకు చెల్లె, గా మాటకు అర్థం నేనన్న జెప్పాలె గద,” అన్నారు. తప్పు తన మీద వేసుకునే మనిషి. అలాంటివాళ్లంటే నాకు ప్రాణం.

పట్టాలు పీకేశాక కూడా అప్పుడప్పుడు వచ్చి, మా గట్టు మీద కూర్చుని టీ తాగి వెళ్లేవారు. చెరకు పోయి వరి వచ్చినా రావడం మానలేదు.

మేం రుద్రూర్ వెళ్లేసరికి అయినవాళ్లు ఒక్కొక్కరే ఆయన నోట్లో బియ్యం వేస్తున్నారు. అమ్మ మా పొలం బియ్యం కొంగున కట్టుకొచ్చి, దూరంగా నిలబడిపోయింది. ఆయన కూతురు చూసింది.

“గాడ నిలవడ్డవేంది అత్తమ్మా? నువ్వు చెల్లెవు గాదా, ఎయ్యి!”

అమ్మ కొంగు ముడి విప్పి, వంగి వేసింది. కొన్ని గింజలు ఆయన తెల్ల మీసాల మీద పడ్డాయి. వాటినెవరూ తుడవలేదు.