ఎనిమిది కుట్లు మిగిలిన టోపీ

చిట్టి పెరుగన్నం వద్దన్న రోజునే నాకు తేడాగా అనిపించింది. మీగడ ఎవరికి ఎక్కువ పడిందని నాతో రోజూ తగువు పెట్టుకునే పిల్ల. పదిహేనేళ్ళది, నా ఒక్కగానొక్క చెల్లెలు. ఆ సాయంత్రం తలనొప్పి అంది. మర్నాటికి ఒళ్ళు వెచ్చబడింది. చోడవరంలో వానలు వెలిసిన రోజులు, ఇంటికొక జ్వరం ఉంది, మేమూ మిరియాల కషాయంతో సరిపెట్టాం. అది మా మొదటి తెలివితక్కువ పని. జ్వరం రోజుకో మెట్టు ఎక్కింది తప్ప దిగలేదు.

ఆరో రోజున డాక్టరుగారు నాలుక చూసి, పొట్ట నొక్కి, రక్తం తీసి వైడాల్ టెస్టుకి విశాఖపట్నం పంపారు. "టైఫాయిడ్‌లాగే ఉంది. అన్నం పెట్టకండి. ఆకలని ఏడ్చినా పెట్టకండి" అన్నారు. తలమీద తడిగుడ్డ నిలవాలని జుట్టు తీసేయమన్నారు. నడుము దాటిన జడని అమ్మే కత్తిరించింది, ముఖం పక్కకు తిప్పుకుని.

ఆ రోజే, మిట్టమధ్యాహ్నం, గది నిండా వెలుతురుండగా చిట్టి మూలకు చూపించింది.

"అప్పా, ఆ ముసిలమ్మకి పీటెయ్యవే. ఇందాకట్నించి నిలబడే ఉంది."

ఆ మూల నీళ్ళకుండ తప్ప ఏమీ లేదు. ఏ ముసలమ్మ అని నేను అడగబోతే అమ్మ నా నోరు మూసింది.

"ఎవులని అడక్కే! అడిగితే పిలిసినట్టే. కూకుండిపోద్ది."

మేం ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళేవాళ్ళం. అయినా జ్వరంలో కనబడేవాళ్ళ గురించి అడగకూడదన్న మాట మా అమ్మమ్మ నాటినుంచి ఇంట్లో ఉంది. నేను బళ్ళో పాఠాలు చెప్పే పంతులమ్మని, ఇలాంటివి నవ్వి కొట్టిపారేసేదాన్ని. ఆ రోజు నవ్వు రాలేదు. డాక్టరుగారికి చెబితే, "డెలీరియం, జ్వరం మత్తులో కలవరింత. టైఫాయిడ్‌లో మామూలే" అన్నారు.

టెస్టులో టైఫాయిడ్ అనే తేలింది. నాన్న విశాఖపట్నం వెళ్ళి క్లోరోమైసిటిన్ క్యాప్సూళ్ళు తెచ్చారు. మందు మొదలెట్టిన నాలుగో రోజుకి జ్వరం దిగింది. చిట్టి ముసలమ్మ ఊసు ఎత్తడం మానేసింది. పీడ విరగడైందనుకున్నాం.

బోడితల అద్దంలో చూసుకుని అది ఏడిస్తే చూడలేక, మిషన్ బడిలో నేర్చుకున్న అల్లిక బయటికి తీశాను. ఎర్ర ఊలుతో బెరే టోపీ. తల చుట్టూ బిగువుగా పట్టీ, ఆపైన కుట్లు పెంచుకుంటూ పోతే పళ్ళెమంత వెడల్పు, మళ్ళీ తగ్గించుకుంటూ నడినెత్తికి వస్తే ఎనిమిది కుట్లు. ఆ ఎనిమిదింట్లోంచి ఊలు దూర్చి లాగి బిగిస్తే పూర్తయినట్టే. ఊలుండ చిట్టి ఒళ్ళో పెట్టి, నాకు కావలసినంత వదలడం దాని పని అన్నాను. మందు వేళకు క్యాప్సూళ్ళు దాని అరచేతిలో వేసి, గ్లాసుతో నీళ్ళిచ్చి, మళ్ళీ కుట్లు లెక్కపెట్టుకునేదాన్ని. ఒక్క కుట్టు జారితే వరసంతా పోతుందని నా కళ్ళు సూదుల మీదే ఉండేవి.

నాలుగు రోజులు తిరక్కుండానే జ్వరం మళ్ళీ ఎగబాకింది. చిట్టి పిలిస్తే పలికేది, మందుకి చెయ్యి చాపేది, చూపు మాత్రం ఆ మూలనే. వేళ్ళు దుప్పటి మీద కదులుతూ ఉండేవి. "ఈ జ్వరంలో అలా దుప్పటి పీకుతారు" అన్నారు డాక్టరుగారు. నేను చాలాసేపు చూశాను. అది పీకడం కాదు. నా సూది కుట్టులోకి వెళ్ళినప్పుడు దాని వేలూ వెళ్తోంది. నేను ఊలు చుట్టినప్పుడు అదీ చుడుతోంది. చిట్టికి అల్లిక రాదు. భయమేసి నేను ఆపేశాను. ఆ వేళ్ళు ఆగలేదు.

"మందు వేళకి పడుతోందా?" డాక్టరుగారు రెండుసార్లు అడిగారు.

"పడతందండీ." ఒట్టు వెయ్యమన్నా వేసేదాన్ని.

"పేగుకి చిల్లు పడి పెర్ఫొరేషన్ వస్తే ఇక్కడ నేను చెయ్యగలిగిందేమీ లేదమ్మా."

మర్నాడు పొద్దున్న మళ్ళీ సూదులు పట్టాను, టోపీ చివరి ఎనిమిది కుట్లకు వచ్చింది. వాటిలోంచి ఊలు దూర్చి ఇంకాస్త లాగితే ఉండ మంచం మీంచి దొర్లింది. టక్కుమని ఏదో నేల మీద పడింది. క్యాప్సూల్. ఉండ విప్పాను. లోపలికంటా వేలితో పొడిచి పెట్టినవి, మొత్తం పదమూడు. చెల్లెల్ని నేనే చంపుకుంటున్నానని తెలిసింది.

అమ్మ వద్దంటున్నా అప్పుడు అడిగాను.

"సిట్టీ, ఎవులే నిన్ను మందు దాసమన్నాది?"

"ముసిలమ్మే. నోట్లో ఎయ్యొద్దన్నాది. ఉండలో పెట్టీమన్నాది."

"ఇంకేటన్నాది?"

"టోపీ అయిపోతే సెప్పమన్నాది. అది ఎట్టుకుని నన్ను తోడుకెళ్తాదట."

టోపీ కింద పెట్టేశాను.

డాక్టరుగారికి దాచకుండా చెప్పాను. ఆయన తిట్టలేదు, తిడితే బాగుండునని నాకనిపించింది. "ఇకనుంచి మీ చేత్తో నోట్లో వెయ్యండి. మింగాక నోరు తెరిపించి చూడండి" అన్నారు. అలాగే చేశాం. ఆరో రోజుకి జ్వరం విడిచింది. ఆ తర్వాత చాలా రోజులు బార్లీ నీళ్ళే. పథ్యం పెట్టిన రోజున మెత్తటి అన్నం రెండు ముద్దలు తిని, "మీగడేదే?" అంది. అమ్మా నేనూ వంటింట్లోకెళ్ళి ఏడ్చాం.

ఇది జరిగి నాలుగేళ్ళు. చిట్టికి జడ మళ్ళీ నడుము దాటింది. మాడుగులలో పంతులమ్మగా చేస్తోంది. ముసలమ్మ సంగతి దానికి ఒక్క ముక్క గుర్తులేదు. సెలవులకు వచ్చినప్పుడు పెట్టెలో టోపీ చూసి, "ఊలు దూర్చీసే ఉంది గదప్పా, లాగీడానికి నాలుగేళ్ళేటి?" అని వేళాకోళం చేస్తుంది. కళ్ళు ఆనడంలేదని అబద్ధమాడతాను. ఆ ఎనిమిది కుట్లూ అలాగే ఉన్నాయి.

మీ ఇంట్లో ఇలాంటి జ్వరం వస్తే నేను చెప్పేది ఒకటే. మూలలో ఎవరో ఉన్నారని రోగి అంటే భయపడి నోరు నొక్కెయ్యకండి. వాళ్ళేం చెబుతున్నారో అడగండి, అడిగి డాక్టరుకి చెప్పండి. ముసలమ్మ ఉందో లేదో నాకిప్పటికీ తెలియదు. ఉండలో పదమూడు క్యాప్సూళ్ళు మాత్రం ఉన్నాయి.