సగం దగ్గరే ఆగిన ముల్లు

అమరనాథ్ చివరిగా చేసిన పని డీజిల్ ట్యాంకులో కట్టె ముంచి చూడటం. నగరం చివర హూడిలో, సొంత ఇంటి ముందు, పొద్దున కాఫీకి ముందు. పికప్పు బండి పక్కన వేలాడే ట్యాంకు మూత తిప్పి తీశాడు. సీటు వెనక దాచుకునే సన్నటి వెదురు కట్టెను లోపలికి దించి, పైకి తీసి, తడి ఎంతవరకు వచ్చిందో వెలుతురుకు పట్టి చూశాడు. పాత బనియను గుడ్డతో తుడిచి, కట్టెను దాని చోట పెట్టాడు. “సగానికి రవంత పైన ఉండాది” అని ఇంట్లోకి వినపడేట్టు చెప్పాడు. ఎవరూ అడగలేదు. చెప్పులు విడవడానికి మెట్టు మీద కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. కూతురు శశికళ కాఫీ గ్లాసుతో వచ్చేసరికి తల తలుపు చెక్కకు ఆనించి, నిద్రపోతున్నవాడిలా ఉన్నాడు.

ఆ కట్టెతో అవసరం తీరిపోయి అప్పటికి ఏడాది దాటింది. బండిలో డీజిల్ మీటరు బాగుపడింది, ముల్లు నిజమే చెబుతోంది. అయినా రోజూ ముంచేవాడు. శశికళకు తండ్రి మీద ఉన్న కోపాల్లో అదొకటి. ఆయన పోయాక కూడా ఆ కోపం చాలా రోజులు తగ్గలేదు.

అమరనాథ్ మాలూరు పక్క పల్లె నుంచి మీసాలు రాకముందే లారీ క్లీనరుగా వచ్చాడు. మద్రాసు రోడ్డు మీద టైర్లు తట్టి, అద్దాలు తుడిచి, డ్రైవర్ల తిట్లు తిని స్టీరింగు సంపాదించుకున్నాడు. పెళ్లయి, కూతురు పుట్టి, ఆ కూతురు హైస్కూలుకు వచ్చాక పాత పికప్పు ఒకటి కొన్నాడు. చిక్కపేట సందుల్లోంచి తోపుడు బండ్ల మీద వచ్చే బట్టల మూటలను పెద్ద రోడ్డు దగ్గర ఎక్కించుకుని, మారతహళ్ళిలో ప్రసాద్ అనే ఆయన బట్టల కొట్టుకు చేర్చడం ఆయన పని. రింగు రోడ్డు పక్కన అపార్టుమెంట్లు లేచేకొద్దీ ప్రసాద్ కొట్టు పెరిగింది. దానితోపాటు అమరనాథ్ ఇల్లూ గడిచింది. ఇంట్లోకి వచ్చే నాలుగు మెతుకులకు ఆధారం ఆ ఒక్క కొట్టే.

ఆయనకొక సిద్ధాంతం ఉండేది. బండి దారిలో చెడిపోతే అది ఇనుము తప్పు. డీజిల్ లేక ఆగిపోతే అది డ్రైవరు తప్పు. రోడ్డు పక్కన డబ్బా పట్టుకుని నడిచే డ్రైవరు కనబడితే, పెళ్లిపీటల మీద పంచె జారినవాణ్ణి చూసినట్టు మొహం తిప్పుకునేవాడు.

అలాంటివాడు 2001 దీపావళికి నాలుగు రోజుల ముందు, బండి నిండా పండగ సరుకుతో టిన్ ఫ్యాక్టరీ దగ్గర ఆగిపోయాడు. మీటరులో ముల్లు సగం దగ్గర ఉంది. ట్యాంకులో చుక్క లేదు. డబ్బా పట్టుకుని నడిచాడు. తెచ్చి పోశాక కూడా ఇంజను కదల్లేదు. డీజిల్ బండి ఒకసారి ఎండితే పైపుల్లో గాలి చేరుతుంది, అదంతా పంపు కొట్టి తీస్తేగాని ఊపిరి పోసుకోదు. మారతహళ్ళి చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది.

ప్రసాద్ కొట్టు ముందే నిలబడి ఉన్నాడు.

“ఏమన్నా, ఇదేనా వచ్చే టైము? పండగ గిరాకీ. వచ్చినోళ్లు వచ్చినట్టే తిరిగి పోతాండారు.”

“డీజిలు అయిపోయిందప్పా. మీటరు సగం చూపిస్తా ఉన్నింది.”

“డీజిలా? ఇన్నేండ్ల డ్రైవరువి, ఈ మాట ఇంగెవరికీ చెప్పొద్దు, నవ్వుతారు. ఇంగొక్కసారి లేటైతే నేను వేరే బండి చూసుకుంటా. చెప్పలేదనొద్దు.”

ఆ మాటలను ప్రసాద్ గొంతుతోనే ఇంట్లో ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. అన్నం ముందు చెప్పాడు, స్నానానికి నీళ్లు తోడుకుంటూ చెప్పాడు. “నవ్వుతారు” అన్న మాటను మాత్రం ప్రతిసారీ రెండుసార్లు అనేవాడు.

మర్నాడే బండిని జ్ఞానప్రకాశం రిపేరు షెడ్డుకు తీసుకుపోయాడు. జ్ఞానప్రకాశం కోలారు గనుల్లో కరెంటు పని చేసి వచ్చినవాడు. నోట్లో బీడీ, చేతిలో టెస్టర్ బల్బు లేకుండా ఆయన్ను ఎవరూ చూడలేదు.

“కొత్తగా ఏమన్నా వేయించినావా అన్నా? హారను, టేప్ రికార్డరు, ఫ్యాను?”

“ఏమీ లేదప్పా. తెచ్చింది తెచ్చినట్టే ఉండాది.”

జ్ఞానప్రకాశం ట్యాంకులోంచి ఫ్లోటును బయటికి తీశాడు. డీజిల్ మీద తేలుతూ, ఎంత ఉందో మీటరుకు చెప్పేది అదే. చేత్తో పైకెత్తితే ముల్లు నిండుకు లేచింది. దించితే అడుక్కు పడింది.

“సూడు. బండికి జబ్బు లేదు. నీకే ఉండాది.”

మర్నాడు రోడ్డెక్కేసరికి ముల్లు మళ్లీ సగం దగ్గర కూర్చుంది. అమరనాథ్ బండ్ల సామాన్లమ్మే జె.సి. రోడ్డుకు పోయి కొత్త ఫ్లోటు తెచ్చాడు. షెడ్డులో బాగుంది, రోడ్డు మీద లేదు. మీటరు మార్పించాడు. ట్యాంకు నుంచి మీటరు దాకా వైరు కొత్తది లాగించాడు. అంతే, షెడ్డులో బాగుంది, రోడ్డు మీద లేదు.

“అత్తగారింట్లో అల్లుడి మాదిరి అప్పా ఇది. నీ ముందర కూర్చుంటే ఎంత మర్యాదో!” అన్నాడు అమరనాథ్.

“అయితే ఇక్కడే పెట్టుకుందువు రా, కాపరం” అన్నాడు జ్ఞానప్రకాశం విసుగ్గా.

ట్యాంకు నింపి పెట్టుకొమ్మని సలహా చెప్పనివాడు లేడు. చేతిలో ఉంటే కదా నింపేది. వెదురు కట్టె అప్పుడే వచ్చింది. పొద్దున ముంచేవాడు, మూటలెక్కించేప్పుడు ముంచేవాడు, ఆఖరికి సిగ్నల్లో ఎర్రదీపం పడితే దిగి ముంచేవాడు. వెనక బండ్లు హారన్లు మోగిస్తే కట్టె చూపించి తిట్టేవాడు. ఆలస్యమవుతుందని ఇంటి దగ్గర ఇంకా ముందుగా బయల్దేరేవాడు. కాఫీ కూడా తాగకుండా పోయి, చిక్కపేటలో మూటలు రాకముందే కాచుక్కూర్చునేవాడు. ఇంట్లో నవ్వడం మానేశాడు. “నా మొగం ఎప్పుడన్నా అంతసేపు చూసినాడా ఈయప్ప?” అనేది ఆయన భార్య అక్కయమ్మ. “ఆ ముల్లునే కట్టుకోని ఉండాల్సింది.”

శశికళ అప్పుడు మారతహళ్ళిలో ఒక జెరాక్సు కొట్టులో టైపు పని చేసేది. ఒక సాయంత్రం పని ముగించుకుని తండ్రి బండిలోనే ఇంటికి బయల్దేరింది. ఆయన బండిని నేరుగా షెడ్డుకు తిప్పాడు. ఆమెకు ఒళ్లు మండింది. దిగకుండా క్యాబిన్లోనే కూర్చుంది. ఆయన, జ్ఞానప్రకాశం బయట నిలబడి, ఇంక ఏం మార్చాలా అని వాదులాడుకుంటున్నారు. తాళం చెవి తిప్పే ఉంది. ముల్లు పావు దగ్గర ఉంది. కట్టె చెప్పిందీ పావే.

బయట సందె చీకటి పడుతోంది. క్యాబిన్లో మునేశ్వరస్వామి పటం చుట్టూ చిన్న ఎర్ర బల్బులున్నాయి. బండి ఆగిన దీపావళికి ముందు వచ్చిన దసరాకు, ఆయుధపూజ నాడు అమరనాథ్ కట్టించినవి. బండి తీసే ముందు వాటిని వెలిగించి దండం పెట్టుకునేవాడు, ఇల్లు చేరేదాకా ఆర్పేవాడు కాదు. ఒక్క షెడ్డుకు వస్తే మాత్రం గేటు దగ్గరే ఆర్పేసేవాడు. చెప్పులతో ఎక్కుతారు, బీడీ తాగుతారు, దీపం ముందు అది బాగుండదు అని. సందెవేళ దేవుడి దగ్గర చీకటి ఉండకూడదని అక్కయమ్మ ఇంట్లో రోజూ అనే మాట. శశికళ చేయి దానంతట అదే స్విచ్చు మీదికి పోయింది.

ఎర్ర బల్బులు వెలిగాయి. ముల్లు మెల్లగా, ఎవరో వేలితో నెడుతున్నట్టు, పావు నుంచి లేచి సగం దగ్గరికి వచ్చి నిలబడింది.

ఆర్పింది. ముల్లు దిగింది. మళ్లీ వేసింది.

“నాయినా, ఇట్ల రా! సామి దీపమేస్తే ముల్లు లేస్తాండాది!”

జ్ఞానప్రకాశం కిటికీలోంచి తల పెట్టి రెండుసార్లు చూశాడు. బీడీ కింద పారేశాడు.

“కొత్తగా ఏమీ ఏయించలేదంటివే!”

“సామిని ఏయించినామని ఎవురన్నా అంటారాప్పా?” అన్నాడు అమరనాథ్ అయోమయంగా.

“మూడు నెలలు! జబ్బుని ఇంట్లో పెట్టి వచ్చి, మనిషిని మాత్రం డాక్టరుకు చూపించినట్టు. మళ్లా నన్నే తిడతివి.”

విషయం చిన్నది. మీటరు ఎర్తు వైరు, దేవుడి బల్బుల ఎర్తు వైరు ఒకే మరమేకు కింద ఉన్నాయి. ఆ మర తుప్పు పట్టింది. బల్బులు వెలిగితే ఆ కరెంటుకు పోయే దారి సరిగా లేక మీటరు లెక్క తప్పుతోంది. జ్ఞానప్రకాశం తుప్పు గీకి, బల్బులకు వేరే చోట ఎర్తు ఇచ్చాడు. బీడీ కాల్చేంతలో పని అయిపోయింది. మునేశ్వరస్వామి వెలుగుతూనే ఉన్నాడు, ముల్లు పావు దగ్గరే ఉంది.

శశికళ ఆ రాత్రి ఇల్లు మళ్లీ మామూలవుతుందనుకుంది. మర్నాడు పొద్దున చూస్తే ట్యాంకు దగ్గర కట్టె పట్టుకుని ఉన్నాడు.

“మల్లా ఏంటికి నాయినా? బాగయింది కదా!”

“బాగయింది. ముల్లు నిజమే చెప్తాది. నాకే నమ్మేకి కాదు.”

“అయితే ఇన్ని మార్పించింది ఎందుకు?”

“నీకు తెలీదులే పాపా. ఇంగొక్కసారి లేటైతే అన్న్యాడు ఆయప్ప.”

అదే జవాబు ఏడాదంతా. ముందుగా బయల్దేరడం కూడా మానలేదు. ప్రసాద్ కొట్టు తెరవకముందే పోయి, మూసిన షట్టరు ముందు బండి నిలిపి కూర్చునేవాడు. టీ తాగడానికి కూడా దిగేవాడు కాదు. కాస్త ఆలస్యంగా పోతే ఏమవుతుందని ఆమె గొడవపడేది. ఒకసారి కోపంతో కట్టెను విరిచేసింది. సాయంత్రానికి ఇంకోటి చెక్కుకున్నాడు. దాన్నే ఆ ఆఖరి పొద్దున ముంచి చూశాడు.

కర్మ నాడు ప్రసాద్, ఆయన భార్య మమత వచ్చారు. ప్రసాద్ బయట మగవాళ్ల దగ్గర కూర్చున్నాడు. మమత లోపలికి వచ్చి అక్కయమ్మ చేతులు పట్టుకుని ఏడ్చింది. తర్వాత శశికళ పక్కన చాప మీద కూర్చుంది.

“మీ నాయన మాదిరి మనిషి దొరకడు పాపా. ఒక్క దినం లేటు చేసిన్యాడా?”

“ఒకసారి చేసినాడు కదక్కా. దీపావళప్పుడు.”

“ఆ దినమా?” మమత కొంగుతో మొహం తుడుచుకుంది. “ఆ దినం మా షట్టరు తాళంలో చెవి విరిగి లోపలే ఉండిపాయె. తాళాలాయప్ప వచ్చి కోసేతలికి ఎంతసేపో. గిరాకీలంతా చూసి చూసి ఎల్లిపోయిరి. మా ఆయనకు ఆ కోపంలో ఎవుర్ని ఏమంటాండాడో తెలీకపాయె. షట్టరు అప్పుడే ఎత్తినాము పాపా, మీ నాయన బండి వచ్చి నిల్చింది. మంచిదాయె, ముందే వచ్చింటే మూటలన్నీ పెట్టుకోని రోడ్డులో కూర్చోవాల్సి ఉన్నింది అనుకొంటిమి.”